ఇంటిబడికి ఏడాది లెక్క

"పిల్లాణ్ణి బడి మాన్పించి ఇంట్లోనే చదివిద్దామనుకుంటున్నాను. మా వాళ్లంతా నాకు మతిపోయిందంటున్నారు. ఏడాదిపాటు ఏం చెప్పాలి? రోజుకి ఎంతసేపు చెప్పాలి? రేపు పదో తరగతి మాటేమిటి?" అని అబిడ్స్ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. చిరాగ్ అలీ లేన్‌లో కాపురం. ఆయనకి ట్రూప్‌బజారులో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టుంది. బాబుకి పదకొండేళ్లు, ఆరో తరగతిలోకి వస్తాడు. పాప మూడో తరగతి.

బాబు లెక్క నోటితో టక్కున చెప్పేస్తాడట. కాగితం మీద పెట్టమంటే మాత్రం పెన్సిలు కొరుకుతూ కూచుంటాడట. చదవమంటే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతాడట. రెండేళ్లుగా బడివాళ్లు చెప్పీ చెప్పీ, చివరికి "టీసీ తీసుకుంటే మీకే మంచిదమ్మా" అన్నారట. ఆ బడి ఏదో మనకి అనవసరం. ఆ మాట విని వచ్చిన రాత్రి బాబు అన్నం తినకుండా పడుకున్నాడని రాశారావిడ. "వాడు మొద్దు కాదండీ" అని ఉత్తరంలో మూడుచోట్ల రాశారు.

ఈ ప్రశ్న మరికొందరి మనసులో కూడా ఉన్నదే కాబట్టి ఈ వారం పేజీ అంతా దీనికే.

ముందు ఒక్క మాట. బడి మాన్పించడమనేది కోపంలో తీసుకునే నిర్ణయం కాకూడదు. బడి మారిస్తే సరిపోతుందా, ఇంట్లో మీకు రోజుకి మూడు గంటలు నిజంగా దొరుకుతాయా, మీవారు మీతో ఉన్నారా, ఈ మూడూ తేలేవరకూ టీసీ కాగితం జోలికి పోకండి. అత్తగారు వద్దంటే కొన్నాళ్లకి సర్దుకుంటారు. కానీ మీవారు వద్దంటుంటే మాత్రం ఇంటిబడి నడవదు. పిల్లాడికి ఎక్కం రానిరోజల్లా ఇంట్లో గొడవే అవుతుంది.

ఇక, ఇదేదో అమెరికా వింత అనుకునేవాళ్లకి ఒక మాట చెప్పాలి. మన ఇళ్లలో "ప్రైవేటుగా పరీక్ష కట్టడం" అనే మాట ఎంత పాతదో మీ అమ్మమ్మనడగండి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా చదువుకునే పాసయ్యారు. తర్వాత మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, బడి మొహం చూడని ఎందరో ఆడవాళ్లని అదే పరీక్షకి కూచోబెట్టారు. అంతదాకా ఎందుకు, మన సోదరి ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో తిలక్ రోడ్డు మీద సారస్వత పరిషత్తు ఉంది. 1943లో నిజాం రాజ్యంలో ఆంధ్ర సారస్వత పరిషత్తుగా పుట్టింది. ఇప్పుడు తెలంగాణ సారస్వత పరిషత్తు. ఉర్దూ బడులే ఎక్కువగా ఉన్న ఆ రోజుల్లో ప్రాథమిక, ప్రవేశ, విశారద అని మెట్లు మెట్లుగా తెలుగు పరీక్షలు పెట్టింది. ఊళ్లలో ఇళ్లలోనే చదువుకున్నవాళ్లు ఎందరో ఆ పరీక్షలు రాశారు. ఆ పేర్లలో ఒకటి గమనించారా? ఎక్కడా "నాలుగో తరగతి, ఐదో తరగతి" అని లేదు. వయసుతో పనిలేదు. ఏ మెట్టు మీద ఉంటే ఆ పరీక్ష రాయడమే. ఇంటిబడికి కావలసిందీ అదే.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే పక్కింటివాళ్లు పోలీసులొస్తారని భయపెడతారు. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకి ఉచిత నిర్బంధ విద్య అంటుంది. పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షనులో ఉంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకి ఈ శిక్ష అని మాత్రం అందులో లేదు. ఇంట్లో చదివించడం గురించి అవుననీ కాదనీ ఒక్క మాటా లేదు. ఇంకోటుంది, అది మనకి పనికొచ్చేది. బడి మానేసిన పిల్లాడు మళ్లీ వస్తానంటే వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలని నాలుగో సెక్షను. అంటే ఇంట్లో ఏడాది ప్రయత్నించి కుదరకపోతే వెనక్కి వెళ్లే దారి మూసుకుపోదు. ఏడాదికే లెక్క వేసుకోండి. పదేళ్లకి ఇప్పుడే ప్రమాణాలు వద్దు.

ఇక అసలు పనిలోకి వద్దాం.

మొదటి పదిహేను రోజులు పాఠం చెప్పకండి. నిజంగానే చెప్తున్నాను. పుస్తకం పట్టుకుని వెంటపడకుండా వాణ్ణి చూడండి. ఏ పని మీద ఎంతసేపు కూచుంటున్నాడు, పొద్దున్న చురుగ్గా ఉన్నాడా సాయంత్రమా, విని నేర్చుకుంటున్నాడా చేత్తో ముట్టుకుంటేగానీ బుర్రకెక్కడం లేదా, ఒక నోటు పుస్తకంలో రోజుకి రెండు లైన్లు రాసుకోండి. పాల లెక్క రాసే పుస్తకమైనా సరే.

ఆ తర్వాత వాడు ఏ మెట్టు మీద ఉన్నాడో కనిపెట్టాలి. దీనికి ఏ సెంటరుకీ వెళ్లి డబ్బు కట్టనక్కర్లేదు. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు రెండో తరగతి నుంచి ఆరో తరగతి దాకా తెచ్చుకోండి. ఫోన్లో కూడా ఉచితంగా దొరుకుతాయి. తెలంగాణలో 2022-23 నుంచి ఎనిమిదో తరగతి వరకూ పుస్తకాలు రెండు భాషల్లో వేస్తున్నారు. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ అదే పాఠం ఇంగ్లీషు. తెలుగు మీడియంలో చదువుకుని "నాకు ఇంగ్లీషులో సైన్సు చెప్పడం రాదే" అని బెంగపడే తల్లులకి ఇంతకంటే మంచి సాయం లేదు.

పుస్తకాలకి ముందు బ్రౌను కాగితం అట్టలు వెయ్యండి. తరగతి అంకె కనపడకూడదు. ఆరో తరగతి పిల్లాడి చేతిలో మూడో తరగతి పుస్తకం పెడితే వాడి మనసు ఎంత చిన్నబోతుందో చెప్పలేం. అందులో చెల్లెలు కూడా మూడో తరగతే మరి! అట్ట మీద పాఠం పేరో బొమ్మో ఉంటే చాలు. చిన్న పుస్తకం నుంచి మొదలుపెట్టి ఒక పేరా చదివించండి. ఎక్కడ వరకూ తడబడకుండా చదివి, చదివింది మీకు తన మాటల్లో చెప్పగలిగాడో అదే వాడి మెట్టు. తెలుగుకి ఒక మెట్టు, ఇంగ్లీషుకి ఒకటి, లెక్కలకి ఇంకొకటి ఉండొచ్చు. ఈ బాబు సంగతి చూస్తే తెలుగులో మూడో తరగతి దగ్గరా, నోటిలెక్కల్లో ఏడో తరగతి దగ్గరా ఉండే పిల్లాడిలా కనపడుతున్నాడు. బడిలో ఈ రెంటికీ ఒకే బెంచీ. ఇంట్లో ఆ ఇబ్బంది లేదు. తెలుగు మూడు నుంచి మొదలెడదాం, లెక్కలు ఏడు నుంచి నోటితోనే సాగనిద్దాం. వాడు చెప్పింది మీరు కాగితం మీద రాయండి. రాతకి విడిగా రోజూ పది నిమిషాలు చాలు. రాయలేకపోవడం వల్ల వాడి లెక్క ఆగిపోకూడదు, అంతే.

అక్షరాలు తిరగేసి రాయడం, ఎంత నేర్పినా చదువు కూడబలుక్కోవడం ఉంటే ఒకసారి డాక్టరుకి చూపించండి. ముందు కళ్లు, చెవులు. అవి బాగుంటే డిస్లెక్సియా వంటిదేమన్నా ఉందేమో నిపుణులు పరీక్ష చేసి చెప్తారు. ఉత్తరం చూసి నేను చెప్పకూడదు, పక్కింటి టీచరుగారు కూడా చెప్పకూడదు. సికింద్రాబాదులో మనోవికాస్‌నగర్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ ఉంది, ఎక్కడ చూపించాలో అక్కడ అడిగినా దారి చెప్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఈ చదువు ఇబ్బందుల్ని కూడా చేర్చారు. సర్టిఫికెట్ ఉంటే రేపు పెద్ద పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు. దీన్ని దాచిపెట్టుకోవలసిన పనేం లేదు. అది వాడి తెలివికి సంబంధించిన సంగతే కాదు.

రోజుకి ఎంతసేపు అనే దానికి వస్తాను. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకి ఏడాదికి 220 రోజులు, 1000 గంటలు చెప్పాలి. చిన్న తరగతులకి 200 రోజులు, 800 గంటలు. వెయ్యి అనగానే గుండె ఝల్లుమంటుంది కదూ? కానీ అది ముప్ఫై, ముప్ఫై అయిదు మందికి ఒక టీచరు చెప్పే లెక్క. నలభై నిమిషాల పీరియడులో మీ వాడి వంతుకి నిమిషం పైన కొంచెం. ఇంట్లో మీరు ఎదురుగా కూచుంటే మూడు గంటలు దండిగా సరిపోతాయి. వారానికి అయిదు రోజులు, ఏడాదికి 38 వారాలు వేసుకున్నా 570 గంటలు. పనిమనిషి వచ్చి వెళ్లాక, కుక్కరు దించాక, తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర వరకూ రెండు గంటలు, సాయంత్రం కాఫీలయ్యాక ఒక గంట. ఆ రెండు గంటలూ మాత్రం ఫోను పక్క గదిలో ఉండాలి. మీది కూడా.

38 వారాలు ఎక్కణ్ణుంచి వచ్చాయంటారా? మన ఊరి కాలెండరు ముందేసుకుని లెక్కపెట్టాను. జూన్ రెండో వారం నుంచి దసరా వరకూ 16 వారాలు. దసరా అయ్యాక సంక్రాంతి లోపల 12. సంక్రాంతి తర్వాత మార్చి ఆఖరు వరకూ 10. పండగల తేదీలు మారినప్పుడు ఒక వారం అటూ ఇటూ అవుతుంది. ఈ మూడు ముక్కల్లో ప్రతి ఏడో వారం ఖాళీగా ఉంచండి. జ్వరాలొస్తాయి, ఊరినుంచి ఆడపడుచు పిల్లలతో దిగుతుంది, ఆషాఢంలో బోనాలుంటాయి. వెనకబడ్డ పాఠాలు ఆ ఏడో వారంలో సర్దుకుంటాయి. వెనకబడకపోతే ఆ వారం వాడిది, వాడికిష్టమైంది చేసుకోనివ్వండి. వినాయక నిమజ్జనం రోజు మొజంజాహీ మార్కెట్టు మీదుగా అబిడ్స్ నుంచే గణపతులన్నీ టాంక్‌బండ్ వెళ్తాయి. ఆ మైకుల్లో ఆ రోజు పాఠం పెట్టుకున్న తల్లికి దండం పెట్టాలి. ముందే సెలవు రాసేసుకోండి.

మొత్తం సిలబస్ ఒకేసారి పంచెయ్యకండి. దసరా లోపల చదవడం, రాయడం మీదే బరువు పెట్టండి. మిగతావి పైపైన నడవనివ్వండి. దసరాకి మళ్లీ ఆ అట్టలు వేసిన పుస్తకాలతో మెట్టు చూసుకుని, తర్వాతి 12 వారాలకి అప్పుడు రాసుకోండి. జూన్‌లో రాసిన కాగితం జనవరిలో పనికిరాకపోతే అది మీ తప్పూ కాదు వాడి తప్పూ కాదు. పిల్లాడు మారాడని అర్థం.

పాఠాన్ని ముక్కలు చేసే పద్ధతి ఒకటి మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లది నాకు చాలా నచ్చుతుంది. చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు పెట్టి, పుస్తకం బదులు కార్డులు తయారుచేశారు. ఒక్కో కార్డులో ఒక చిన్న పని. గోడ మీద నిచ్చెనలాంటి పటం. పిల్లలు తమ మెట్టు తామే చూసుకుని, తమ కార్డు తామే తెచ్చుకుంటారు. ఒకే గదిలో అయిదు తరగతుల పిల్లలున్నా ఎవరి వేగం వాళ్లది. మన ఇళ్లలో ఇది ఇంకా సులువు. ఇంట్లో పాత పెళ్లి శుభలేఖలు పడున్నాయా? ఒక పక్క ఖాళీగా ఉండే గట్టి అట్టలు చూసి, అరచేతి సైజున కత్తిరించండి. "వొత్తులున్న పది మాటలు పేపర్లోంచి వెతుకు", "కిలో 64 రూపాయలైతే ముప్పావు కిలో ఎంత?", "ఈ పేరా నాకు చదివి వినిపించు", ఇలా ఒక్కో కార్డుకి ఒక్క పని. వారానికి పాతిక కార్డులు. అయిపోయినవి చాక్లెట్ డబ్బాలో వేస్తూ పోతే, నెలాఖరుకి డబ్బా బరువెక్కడం వాడికే కనపడుతుంది. బడిలో మార్కులు చూసుకుని కుంగిపోయిన పిల్లలకి ఇది పెద్ద మందు.

ఈ బాబుకి కొట్టు ఉండటం మరీ కలిసొచ్చే సంగతి. కథల పుస్తకం అంటే పారిపోయే పిల్లాడు బల్బు పెట్టె మీద రాసింది చదువుతాడేమో చూడండి. హోల్డరు, స్విచ్చి, ఎన్ని వాట్లు, ఎన్నేళ్ల గ్యారంటీ. అదీ చదువే. లెక్క కూడా అక్కడే ఉంది. వెయ్యి వాట్లు గంటసేపు కాలితే ఒక యూనిట్టు. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఒక యూనిట్టుకి ఎన్ని గంటలు వెలుగుతుంది? నూటపదకొండు గంటలు. మన చిన్నప్పటి 60 వాట్ల బల్బయితే పదహారు గంటల నలభై నిమిషాలు. భాగహారం, శేషం, గంటల్ని నిమిషాలు చెయ్యడం, ఇంటి కరెంటు బిల్లు, అన్నీ ఒక్క బల్బులో వచ్చేశాయి. ఇదే లెక్క పుస్తకంలో "ఒక బావిని పదిమంది కూలీలు" అంటే వాడికి పట్టదు.

కానీ ఇక్కడే ఒక హద్దు గీసుకోవాలి. కొట్టుకి పాఠం కోసం వెళ్లడం వేరు, గల్లా దగ్గర కూచోబెట్టడం వేరు. వారానికి ఒక పూట, అదీ నాన్న పక్కన. సరుకు దింపే మనిషి రాలేదని పిల్లాణ్ణి పిలిచిన రోజున ఇంటిబడి మూతపడ్డట్టే.

ఆడపిల్లల విషయంలో ఇంకా గట్టిగా చెప్తాను. "ఇంట్లోనే చదువుకుంటోందండీ" అనే మాట వెనక పన్నెండేళ్ల పిల్ల అంట్లు తోముతూ, తమ్ముణ్ణి ఎత్తుకుని తిరుగుతూ ఉన్న ఇళ్లు లేకపోలేదు. దాన్ని ఇంటిబడి అనకండి. అలాంటి ఇంట్లో పిల్లకి ఎంత నాసి బడైనా సరే, బడే మేలు. బడిలో కనీసం పొద్దున్నించి మూడున్నర వరకూ ఆ పిల్ల ఆ పిల్లదిగా ఉంటుంది.

మన సోదరి పాపని కూడా మాన్పించాలా అని అడిగారు. ఎందుకండీ? పాప బడికి ఎగురుకుంటూ వెళ్తోందని మీరే రాశారు. ఇద్దరికీ ఒకే న్యాయం అంటే ఇద్దరికీ ఒకే గిన్నెతో కొలిచి పొయ్యడం కాదు. ఒకరు బడికీ ఒకరు ఇంట్లోనూ ఉంటే మొదటి నెల "వాడికి రోజూ సెలవే" అని పాప ఏడుస్తుంది. సాయంత్రం ఆ ఒక గంట పాపని కూడా పక్కన కూచోబెట్టుకోండి. ఏడుపు మానుతుంది. పాప పుస్తకం మాత్రం బాబు చేత చదివించకండి, పోలిక మొదలవుతుంది.

ఇక మీ చుట్టుపక్కల ఉన్నవి. అబిడ్స్, నాంపల్లిలో కాపురం ఉండి పిల్లలకి చూపించడానికి ఏముందండీ అనేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు మీకు తెలిసినవే. పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే పిల్లలు నిలవరు. బొమ్మలున్న సైన్సు పుస్తకాలు, పటాల పుస్తకాలు, ఒక తరగతి ముందూ వెనకల లెక్కల పుస్తకాలు బేరమాడి తెచ్చుకోవచ్చు. బేరం పిల్లాడి చేతే ఆడించండి! సిలబస్ మారిన పాత గైడ్లు మాత్రం చవగ్గా వస్తున్నాయని మొయ్యకండి. చేతిలో ఒక చీటీ పెట్టుకుని వెళ్లడం మంచిది, లేకపోతే మీ సంచీలో వంటల పుస్తకాలే తేలతాయి. తెలుగు కథల పుస్తకాలకి సుల్తాన్‌బజారులో 1901 నుంచీ ఉన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం గడప తొక్కించండి. చదవడం ఇష్టంలేని పిల్లాడికైనా అన్ని పుస్తకాలు ఒక్కచోట చూడటం మంచిదే.

నాంపల్లి స్టేషను 1907 నుంచి ఉంది. రైళ్లు వచ్చి ఆగిపోయే స్టేషను కాబట్టి తీరుబడిగా చూడొచ్చు. ప్లాట్‌ఫారం టిక్కెట్టు కొనుక్కుని గంటసేపు కూచుంటే ఇరవైనాలుగు గంటల గడియారం దానంతటదే వస్తుంది. బండి ఎన్నింటికి బయల్దేరి ఎన్నింటికి చేరుతుంది, మధ్యలో రాత్రి పన్నెండు దాటితే ఎలా కూడాలి అన్నది పెద్దవాళ్లే తడబడే లెక్క. బోర్డుల మీద ఊరి పేరు తెలుగు, హిందీ, ఇంగ్లీషు, ఉర్దూల్లో ఉంటుంది. అక్షరాలతో ఇబ్బంది పడే పిల్లాడికి ఒకే పేరు ఇన్ని రూపాల్లో చూపించడం బాగుంటుంది. పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం 1930లో తెరిచారు. రెండు వేల ఏళ్లు పైబడిన ఈజిప్టు మమ్మీ అక్కడుంది. చరిత్ర పాఠం దాని దగ్గర మొదలుపెడితే ఏ పిల్లాడూ ఆవలించడు. వెళ్లేముందు సెలవు రోజేదో కనుక్కోండి.

ఇక జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 వరకూ నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో ఇప్పటి నాంపల్లి మైదానానికి వచ్చింది. మనం ఎలాగూ వెళ్తాం, గాజులకో దుప్పట్లకో. ఈసారి ఇండియా మ్యాపు ఒకటి జేబులో పెట్టించండి. ఏ స్టాలు ఏ రాష్ట్రం నుంచి వచ్చిందో అడిగి మ్యాపులో గుర్తు పెట్టాలి. కాశ్మీరు శాలువా అతన్నీ, లక్నో చికన్ బట్టల అతన్నీ పిల్లాడే హిందీలో పలకరించాలి. రెండు సాయంత్రాల్లో భూగోళం సగం అయిపోతుంది. మీ మిరపకాయ బజ్జీలు మీకుండనే ఉన్నాయి.

"తోటిపిల్లలు లేకపోతే ఒంటరివాడైపోతాడేమో" అన్న భయం సబబే, కొట్టిపారెయ్యను. ఇంటిబడిలో అన్నిటికంటే బలహీనమైన చోటు అదే. పబ్లిక్ గార్డెన్స్‌లోనే జవహర్ బాలభవన్ ఉంది. బొమ్మలు వెయ్యడం, పాట, ఆట, చేతిపనులు నేర్పుతారు. వారానికి కనీసం మూడు రోజులు ఎక్కడో ఒకచోట తన ఈడు పిల్లలతో ఉండేటట్టు టైంటేబుల్లో ముందు అది రాసి, ఆ తర్వాత తెలుగూ లెక్కలూ రాయండి. అలా కుదరకపోతే ఇంటిబడి గురించి మళ్లీ ఒకసారి ఆలోచించుకోవాలి.

ఇంట్లో చదివిన పిల్లలంటే మన ఊళ్లో చాలామందికి గుర్తొచ్చేది టేబుల్ టెన్నిస్ ఆడే నైనా జైస్వాల్. ఎనిమిదేళ్లకి పదో తరగతి, పదమూడేళ్లకి డిగ్రీ. ఆ అమ్మాయికీ తల్లిదండ్రులకీ చప్పట్లు కొడదాం, కానీ ఆ కొలత తెచ్చి మన పిల్లాడి పక్కన పెట్టొద్దు. మన బాబు పని ఈ ఏడాది ఒక పేజీ భయం లేకుండా చదవడం. అది పదేళ్ల పని ఒక ఏడాదిలో చెయ్యడం కంటే తక్కువేం కాదు.

పదో తరగతికి ఇంకా టైముంది, అయినా దారి తెలిస్తే మీకు నిద్ర పడుతుంది. ఓపెన్ స్కూళ్లు రెండున్నాయి. కేంద్రప్రభుత్వానిది 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైంది, అదే ఇప్పటి ఎన్.ఐ.ఓ.ఎస్. రాష్ట్రానిది 1991లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి ఇప్పుడు తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీగా నడుస్తోంది. రెంటిలోనూ పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండాలి, రెంటిలోనూ తెలుగులో రాయొచ్చు. అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి. ఎన్.ఐ.ఓ.ఎస్. పరీక్షలు ఏడాదికి రెండుసార్లుంటాయి, అయిదేళ్లలో తొమ్మిది అవకాశాలు. అన్నీ ఒక్కసారే రాయనక్కర్లేదు, ఈసారి రెండు, వచ్చేసారి మూడు. మన బాబులాంటి పిల్లలకి ఇది వరం. ఒక్క జాగ్రత్త. అక్కడ లెక్కలు తప్పనిసరి కాదు కదా అని వదిలిపెడితే రేపు పాలిటెక్నిక్ తలుపు మూసుకుంటుంది. నోటితో అంత బాగా లెక్క చేసే పిల్లాడికి, కరెంటు సామాన్ల మధ్య పెరిగిన పిల్లాడికి ఆ తలుపు తెరిచే ఉంచాలి.

వీటికి రేపు కాగితాలు కావాలి. ఇప్పుడున్న బడి నుంచి టీసీ తీసుకునేటప్పుడు ఇంటిపేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఆధార్‌లోనూ జనన ధ్రువపత్రంలోనూ ఎలా ఉన్నాయో ఇందులోనూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో ఆ కౌంటరు దగ్గరే నిలబడి చూసుకోండి. తర్వాత దిద్దించడానికి చాలాసార్లు తిరగాలి. మూడు నాలుగు జిరాక్సులు తీయించి ఒకటి పుట్టింట్లో పెట్టండి. ఏడాది పొడుగునా వాడు చేసిన కార్డులు, నోటు పుస్తకాలు, మీరు రాసుకున్న ఆ రెండు లైన్ల పుస్తకం అట్టపెట్టెలో దాచండి. మళ్లీ బడిలో చేర్చాల్సివస్తే హెడ్‌మాస్టరుగారికి చూపించడానికి అవే ఉంటాయి. దసరాకి మెట్టు ఎక్కడిదాకా వచ్చిందో నాకో ఉత్తరం ముక్క రాయండి. బాబు చేత కూడా ఒక్క వాక్యం రాయించండి, తప్పులున్నా దిద్దకుండానే పంపండి.